నలభై మూడో గడిలో ఊపిరి

నేను రాసిన పాట ఎవరు బడికి రాకపోయినా ఆగదు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

ఇరవై రెండేళ్ళుగా బడిలో సంగీతం టీచర్ని. ఏ సంవత్సరం ఏ పిల్ల ఏ వాయిద్యం చంకన పెట్టుకుని వస్తుందో ఎవరికీ తెలియదు. ఒక ఏడాది క్లారినెట్లు ఆరు, సెల్లో సున్నా. మరుసటి ఏడాది నేల మీద నిలబెట్టి కమానుతో వాయించే సెల్లోలు మూడు, ఊదేవాళ్ళు ఒక్కరూ లేరు. అచ్చేసి అమ్మే పుస్తకాల్లోని పాటలు ఇలాంటి గుంపుకి పనికిరావు. అందుకని ఏ పాటనైనా ఐదు వరుసలుగా విడదీసి నేనే రాసుకుంటాను. ఒకటో వరుస అన్నిటికన్నా పైన పలుకుతుంది, ఐదోది అడుగున. ఒక్కో వరుసనీ ఫ్లూట్ వాళ్ళు చదవడానికి ఒక రకంగా, క్లారినెట్ వాళ్ళు చదవడానికి ఒక స్వరం పెంచి ఇంకో రకంగా, సెల్లో వాళ్ళకి మరో రకంగా రాయాలి. ఎవరు ఏది తెచ్చినా వాళ్ళకో కాగితం సిద్ధంగా ఉంటుంది.

ప్రతి వరుసలోనూ కనీసం ఇద్దరుండాలన్నది నా నియమం. ఒకరికి జ్వరమొస్తే రెండోవారు వాయిస్తారు. ఇద్దరూ రాకపోతే? దానికీ మందుంది. ముఖ్యమైన ముక్కలన్నీ పక్క వరుస వాళ్ళ కాగితం మీద చిన్న స్వరాలుగా ముందే రాసిపెడతాను. చెయ్యి ఊపితే చాలు, వాళ్ళు అందుకుంటారు. పిల్లలకి జలుబు చేస్తుంది, మా హెడ్ మేడమ్ గారికి తలనొప్పి వస్తుంది, నా పాటకి మాత్రం ఏమీ కాదు.

ఈ ఏడాది హెడ్ మేడమ్ గారు నన్ను గదికి పిలిచి, "ఈసారైనా అందరికీ తెలిసింది వాయించండి టీచర్. పోయినేడాది మీరు వాయించింది ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మండినా తలూపాను. ఆవిడ కోరింది ఒక ఆరియాని. ఒపెరా అంటే మొదటి నుంచి చివరి దాకా పాడుతూ ఆడే నాటకం కదా, అందులో కథానాయిక ఒంటరిగా నిలబడి మనసు విప్పే పాటని ఆరియా అంటారు. ఆవిడ చెప్పిన ఆరియా, జన్మలో ఒపెరా హాలు గుమ్మం తొక్కనివాళ్ళు కూడా గిన్నెలు తోముకుంటూ కూనిరాగం తీసే పాట.

మా ఇంట్లో మాత్రం ఆ పాట ఎవరూ తీయరు. పిన్ని ఉంది కనుక.

అమ్మ పోయిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ చెల్లెలు నన్ను తన ఒంటిగది ఇంటికి తెచ్చుకుంది. అప్పుడావిడ ఒపెరా హాల్లో బృందగాయని. పెద్ద గాయని పాడుతుంటే వెనక ముప్పైమందితో కలిసి పాడే ఉద్యోగం. ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది. రెండేళ్ళ కిందట గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు, గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతుంది. అదీ అవసరమైతేనే. పక్కింటి రేడియోలో పాట వినిపిస్తే లేచి కిటికీ మూసేస్తుంది. నేను స్వరాలు రాసుకుంటూ కీబోర్డు మీట నొక్కితే తన గది తలుపు మూసేస్తుంది. కోపంగా కాదు, మెల్లిగా. ఆ మెల్లిగా మూయడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. నేను పెరిగిన ఇంట్లో తెల్లారిందంటే పాటే. ఇప్పుడు ఫ్రిజ్ చప్పుడు వినపడుతోంది.

ఆ ఆరియా స్వరాల పుస్తకం పిన్ని అలమరలో ఉందని నాకు తెలుసు. బజార్లో కొత్తది దొరుకుతుంది. కానీ పాడినవాళ్ళ పుస్తకంలో పెన్సిల్ గుర్తులుంటాయి. ఎక్కడ నెమ్మదించాలి, ఎక్కడ గుక్క తిప్పుకోవాలి అన్నీ. పాటని వాయిద్యాలకి మార్చేవాళ్ళకి అవి బంగారం. పిన్ని బజారుకి వెళ్ళినప్పుడు అలమర తీసి పుస్తకం పట్టుకొచ్చుకున్నాను. అడిగితే ఇవ్వదని అడగలేదు. నలభై అయిదేళ్ళ వయసులో పిన్ని అలమరలో దొంగతనం చేశాను, అదీ నా బతుకు.

పుస్తకం నిండా సన్నని పెన్సిల్ గుర్తులే. స్వరాల కాగితం మీద నిలువు గీతల మధ్య ఉండే చోటుని మా పిల్లలు గడి అంటారు. నలభై మూడో గడిలో, పాట మొత్తానికి పైస్థాయి స్వరానికి సరిగ్గా ముందు, ఏదో చెరిపేసినట్టు కాగితం నలిగి కనిపించింది. దీపానికి ఏటవాలుగా పట్టి చూశాను. కామా లాంటి గుంట. ఊపిరి తీసుకొమ్మనే గుర్తు. ఎవరో గట్టిగా అదిమి పెట్టారు, తర్వాత రబ్బరుతో రుద్దేశారు. పెన్సిల్ పోయింది, గుంట మిగిలింది.

పాతబడి చెరిగిపోయిందనుకున్నాను. పెద్ద గాయనులెవరూ ఆ చోట ఊపిరి తీసుకోరు, మొత్తం ఒక్క గుక్కలో లాగేస్తారు. కానీ మా పిల్లల ఊపిరితిత్తులు ఎంతని? పిన్ని లాంటి మనిషే అక్కడ ఆగిందంటే పిల్లలు ఆగడంలో తప్పేముంది? మహా సంబరంగా ఆ గుర్తుని ఐదు వరుసల్లోనూ, అన్ని కాగితాల మీదా, ముదురు సిరాతో పెట్టాను.

ఈ ఏడాది పిల్లలు పదకొండు మంది. ఒకటో వరుసకి ఇద్దరు ఫ్లూట్ అమ్మాయిలు. ఒకరు పొడుగమ్మాయి, రెండోది బటాణీ. అసలు పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది, బడి మొత్తానికి అది బటాణీయే. పదకొండేళ్ళది, ఫ్లూట్ పట్టుకుంటే ఫ్లూటే దాన్ని పట్టుకున్నట్టుంటుంది. మా కింది అంతస్తులోనే ఉంటారు. శనివారం పొద్దున ఇంటికొచ్చి నా దగ్గర సాధన చేసుకుంటుంది.

ఆ శనివారం కూడా వచ్చింది. పిన్ని గది తలుపు మూసే ఉంది. బటాణీ పాట మొదలుపెట్టి నలభై మూడో గడి దాకా వచ్చింది, నేను రాసినట్టే ఠక్కున ఆగి ఊపిరి తీసుకుంది, పై స్వరం అందుకుంది. తలుపు తెరుచుకుంది.

"ఆ ఊపిరి ఎవరు పెట్టమన్నారు?" అంది పిన్ని.

గుసగుసే, కానీ బటాణీ ఫ్లూట్ దించేసింది. నేను నిజం చెప్పాను. చెప్పకపోయినా ఆ పుస్తకం కీబోర్డు మీద కూర్చునే ఉంది. పిన్ని దాన్ని తీసుకుని గుండెలకి ఆనించుకుంది. బటాణీని చూసి, "నువ్వు బాగా వాయించావమ్మా, ఇంటికెళ్ళు" అంది. ఎప్పుడూ మెట్ల మీద దడదడలాడుతూ దిగే పిల్ల ఆరోజు చప్పుడు చెయ్యకుండా దిగింది.

"అది నేను పెట్టుకున్న గుర్తు కాదే" అంది పిన్ని, కుర్చీలో కూర్చుని. అప్పుడు చెప్పింది, ముప్పై ఆరేళ్ళుగా నాకు చెప్పని సంగతి.

ఒక సాయంత్రం పెద్ద గాయనికి గొంతు పట్టేసింది. ఆవిడ పాత్ర మొత్తం నేర్చుకుని సిద్ధంగా ఉండడం పిన్ని బాధ్యత. ఆరేళ్ళు సిద్ధంగా ఉంది, ఒక్కసారీ అవసరం రాలేదు. ఆరోజు వచ్చింది. అద్దె నగలూ, వేరేవాళ్ళ కొలతలకి కుట్టిన గౌనూ వేసుకుని ఒంటరిగా వేదిక మీద నిలబడి పాడింది. అంతా బాగానే నడిచింది, నలభై మూడో గడి దాకా.

"ఊపిరి చాల్లేదు. ఆగి తీసుకున్నాను. వాద్యాలు నాకోసం ఆగవు కదా. నన్ను దాటి వెళ్ళిపోయాయి. వాటి వెనక పరిగెత్తి పై స్వరం అందుకునేసరికి అది స్వరంలా లేదు, అరుపులా ఉంది."

తెర పడ్డాక, చేతిలో సన్న కర్ర పట్టుకుని వాద్యబృందాన్ని నడిపించే పెద్దాయన నేరుగా పిన్ని దగ్గరికి వచ్చాడట. బృందమంతా చూస్తుండగా ఆవిడ పుస్తకం అడిగి తీసుకుని, ఆ చోట పెన్సిల్‌తో అదిమి గుర్తు పెట్టాడట. "ఇదిగో, నువ్వు పాటని చంపింది ఇక్కడ" అన్నాడట. మళ్ళీ ఆవిడకి ఒంటరిగా పాడే అవకాశం రాలేదు. ఇంటికొచ్చి రబ్బరుతో రుద్దింది. మిగిలిన ఉద్యోగమంతా వెనక వరుసలోనే పాడింది.

నేను లెక్క వేసుకున్నాను. ముప్పై ఆరేళ్ళ కిందట నాకు తొమ్మిది. అమ్మ పోయి మూడు నెలలు. నిద్రలో ఏడుస్తూ లేచేదాన్నట, పిన్ని భుజాన వేసుకుని గదంతా తిరిగేదట. ఇక సాధన ఎప్పుడు చేసి ఉంటుంది?

"నా వల్లేనా పిన్నీ?" అన్నాను. 

"నీ మొహం" అంది పిన్ని. "ఆ ఘనత నీకిస్తాననుకున్నావా? నాకు ఊపిరి చాల్లేదు. అంతే. ఊరికే చాల్లేదు." నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీశాక, "అది చెరిపెయ్యి" అంది.

చెరిపేశాను. నలభై కాగితాలు, ముదురు సిరా. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కొన్ని చెరగక తిరిగి రాశాను. రాస్తున్నంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను. ఒకాయన తిట్టిన తిట్టుని పదకొండు మంది పిల్లలకి నేర్పి, మా పిన్ని ఇంట్లోనే ఆవిడకి వినిపించాను.

ఇప్పుడు ఆ గడికి వేరే ఉపాయం కావాలి. నా దగ్గరుంది, ఇద్దరు ఫ్లూట్ అమ్మాయిలున్నారు కదా. పొడుగమ్మాయి రెండు గడులు ముందు ఊపిరి తీసుకుంటుంది, అప్పుడు బటాణీ స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. బటాణీ నాలుగు గడుల తర్వాత తీసుకుంటుంది, అప్పుడు పొడుగమ్మాయి పట్టుకుంటుంది. వినేవాళ్ళకి ఎక్కడా తెగినట్టు ఉండదు. రెండు వారాల్లో కుదిరింది. ఆ సంగతి పిన్నికి చెప్పాను.

"చివరి సాధనకి వస్తా" అంది పిన్ని. నేను కంచం కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేశాను. "అంత సంబరపడకు. ఆ గుక్క పోయిందో లేదో నా చెవుల్తో విని వెళ్ళిపోతా."

రెండేళ్ళలో తలుపు మూయకుండా, పాట వినడానికి తనే వస్తాననడం అదే మొదలు. విని వెళ్ళిపోయినా సరే. ఆ ఒక్కటీ సవ్యంగా జరిగితే చాలనుకున్నాను.

చివరి సాధన రోజు పొద్దున పొడుగమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. గవదబిళ్ళలు. రెండు బుగ్గలూ బూరెల్లా పొంగాయట, నోరు తెరవలేకపోతోందట. ఫ్లూట్ సంగతి అడగడానికి నాకు సిగ్గేసింది.

మధ్యాహ్నం బడి హాల్లో పిన్ని ఆఖరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళోనే పెట్టుకుంది, లేచి వెళ్ళేవాళ్ళు కూర్చున్నట్టు. ఒకటో వరుసలో బటాణీ ఒక్కర్తే. పక్కన ఖాళీ కుర్చీ.

మొదటిసారి పై స్వరం దగ్గర ఫ్లూట్ చీలింది. రెండోసారి పిల్ల మొహం కందిపోయింది, స్వరం సగంలో ఆగిపోయింది. మూడోసారి ఆ పాత చోటే దొంగతనంగా చిన్న ఊపిరి తీసుకుంది. మిగతావాళ్ళు దాన్ని దాటి వెళ్ళిపోయారు. అది తలొంచుకుంది. నేను పిన్ని వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"సరే, ఆగండి" అన్నాను. నా గొంతులో చిరాకు నాకే వినపడింది. "క్లారినెట్లూ, మీ కాగితం మీద చిన్న స్వరాలున్నాయి చూడండి. ఆ ఆరు గడులూ మీరు తీసుకోండి. బటాణీ, అక్కడ నువ్వు ఊరుకో."

ముగ్గురు క్లారినెట్ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఊపిరి సర్దుకుని వాయించారు. అతుకు కనపడలేదు. పాట ఆగలేదు. నా ఇరవై రెండేళ్ళ పనితనం చక్కగా పనిచేసింది.

బటాణీ ఫ్లూట్‌ని ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నేను లేకపోయినా సరిపోతుంది కదా టీచర్" అంది. నిష్ఠూరంగా కాదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. నేను తిప్పాల్సిన అవసరం లేని పేజీ తిప్పాను.

వెనక కుర్చీ చప్పుడైంది. పిన్ని లేచింది. సరే, ఆవిడకి కావలసింది వినేసింది, గుక్క లేకుండా విన్నది, ఇక వెళ్ళిపోతుంది అనుకున్నాను. ఆవిడ తలుపు వైపు తిరగలేదు. కుర్చీల మధ్య నుంచి ముందుకి నడిచొచ్చి, పొడుగమ్మాయి ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"ఇంట్లో వస్తుందా ఆ ముక్క?" అని బటాణీని అడిగింది. ఆ గుసగుస వినడానికి పదిమందీ నోళ్ళు మూసుకున్నారు. నా అరుపులకి ఎన్నడూ అంత నిశ్శబ్దం రాలేదు.

"ఒక్కోసారి వస్తుందండీ."

"నాకూ ఇంట్లో వచ్చేది." కాసేపు ఆగింది. ఇప్పుడావిడకి నాలుగు మాటలకోసారి ఊపిరి కావాలి. "నేను కూడా అక్కడే ఊపిరి తీసుకున్నానమ్మా. పెద్ద హాల్లో. వెయ్యిమంది ముందు."

"మరి ఏమన్నారు?" ఒక క్లారినెట్ పిల్ల ఉండబట్టలేక అడిగింది.

"తిట్టారు."

పిల్లలు నవ్వారు. పిన్ని కూడా నవ్వింది, చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత బటాణీ గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "తిడితే తిట్టారు. ఊపిరి చాలనప్పుడు తీసుకోవాలి. కానీ అలా దొంగలా తీసుకోకు. అందరికీ కనపడేలా, కడుపునిండా తీసుకో. తీసుకుని అప్పుడు పైకి వెళ్ళు."

అప్పుడు నా వైపు తిరిగింది.

"ఏమే. ఎవరు లేకపోయినా ఆగని పాట రాయడం నేర్చుకున్నావు, బాగుంది. ఒక పిల్ల కోసం ఆగే పాట రాయలేవా?"

 క్లారినెట్ వాళ్ళని ఆ గడులు వదిలేయమన్నాను. పదిమందికీ పెన్సిళ్ళు తీయమన్నాను. నలభై మూడో గడిలో, ఆ చోట, ఊపిరి గుర్తు పెట్టుకోమన్నాను. "ఇక్కడ అందరం ఆగుతాం. బటాణీ ఊపిరి తీసుకునేదాకా. నా చెయ్యి చూడకండి, దాని భుజాలు చూడండి."

మర్నాడు హాలు నిండింది. హెడ్ మేడమ్ గారు ముందు వరుసలో కూర్చుని, తెలిసిన పాట వినబోతున్న ధీమాతో చీర సర్దుకున్నారు. పిన్ని మూడో వరుసలో, గోడ పక్కన కూర్చుంది. చేతిసంచీ కింద పెట్టింది.

నలభై మూడో గడి వచ్చింది. నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. పదిమంది పిల్లలూ ఆగిపోయారు. సెల్లో తీగ మీద కమాను అలాగే నిలిచింది. హాల్లో ఒక్క దగ్గూ లేదు. బటాణీ భుజాలు పైకి లేచాయి. ఆ ఊపిరి చప్పుడు ఆఖరి వరుస దాకా వినిపించి ఉంటుంది. అప్పుడది పైకి వెళ్ళింది. స్వరం చీలలేదు. అంత చిన్న పిల్లలో అంత పెద్ద స్వరం ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు. మేమంతా దాని వెనక కలిశాం. నాకు కళ్ళు మసకబారాయి, కాసేపు అలవాటుకొద్దీ చెయ్యి ఊపాను.

అయిపోయాక హెడ్ మేడమ్ గారు నా చెయ్యి పట్టుకుని, "మధ్యలో అలా ఆగడం ఎంత బాగుందండీ, అసలు పాటలోనే అలా ఉంటుందా?" అన్నారు.

"మా పిన్ని పాడినప్పుడు ఉండేదండీ" అన్నాను.

మరునాడు ఆదివారం. నేను లేచేసరికి పిన్ని భోజనాల బల్ల దగ్గర ఉంది. కాఫీ చల్లారిపోయి పక్కనుంది. ఎదురుగా ఆ పుస్తకం తెరిచి ఉంది. చేతిలో నా పెన్సిల్. నలిగిన ఆ చోటుని వేలితో తడుముతోంది, గుంట ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు. దొరికింది. పెన్సిల్ మొన దాని మీద పెట్టి, మెల్లిగా, తొందర లేకుండా గీసింది. పక్కన తన పొడి అక్షరాలు రెండు వేసుకుంది.

గది తలుపు ఆరోజు తెరిచే ఉంది. పక్కింటి రేడియోలో ఎవరో ఒకావిడ పాడుతోంది, అదీ శ్రుతి తప్పి. నేను లేచి కిటికీ మూయబోయాను.

"ఉండనీ" అంది పిన్ని. "ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూద్దాం."